చెంగల్వ వయసు గురించిన ఫైలు

మంత్రిగారి మనవరాలు అన్నం తింటూ ఒక ప్రశ్న అడిగింది. అందువల్ల మా శాఖ పుట్టింది.

“తాతా, నీలకోన మొదటి పుస్తకంలో చెంగల్వకు తొమ్మిదేళ్ళు. ఇరవై రెండో పుస్తకంలోనూ తొమ్మిదేళ్ళే. మధ్యలో పన్నెండేళ్ళు రాయిలా పడుంది కదా, ఆ ఏళ్ళన్నీ ఎటుపోయాయి?”

మంత్రిగారు అసెంబ్లీలో ఎన్నో ప్రశ్నలు తప్పించుకున్నవారే. మనవరాలి దగ్గర మాత్రం ఆయన పప్పులు ఉడకలేదు. మర్నాడు విలేకరులను పిలిచి, పిల్లలు చదివే కథల్లో కాలం ఇలా అజా పజా లేకుండా పోవడం జాతికి సిగ్గుచేటన్నారు. నెల తిరక్కుండా జీవో వచ్చింది. పాత్రల వయసులు మొదటి పుట నుంచి చివరి పుట దాకా పొసిగితే తప్ప ఏ కథల పుస్తకమూ బడి గ్రంథాలయంలో అడుగుపెట్టరాదు. పొసిగాయో లేదో చూడడానికి ‘గ్రంథ పాత్రల వయో సమన్వయ సంచాలకాలయం’ ఏర్పడింది. దానికి నాలుగంతస్తుల భవనం, మూడు జీపులు, పనిచేయని ఒక లిఫ్టు ఇచ్చారు.

నేను అక్కడ సూపరింటెండెంటును. పేరు మునెమ్మ. అంతకుముందు ఇరవై తొమ్మిదేళ్ళు తూనికలు కొలతల శాఖలో చేశాను. కిలోకు యాభై గ్రాములు తక్కువ తూచిన చేపలమ్మిని కూడా వదిలిపెట్టినదాన్ని కాదు. కాబట్టి కథల్లో ఏళ్ళు తక్కువ తూచే రచయితలను పట్టుకోవడానికి నేనే తగినదాన్నని పైవాళ్ళు తీర్మానించారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ మాట దాచను.

నీలకోన గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఓబులేసు అనే రిటైరైన హెడ్‌మాస్టరు ముప్పై నాలుగేళ్ళుగా రాస్తున్న మాయల మంత్రాల కథల వరస అది. చెంగల్వ అనే పిల్ల, ఆమె తల్లి రాణి హేమవల్లి, గండోదరుడనే రాక్షసుడు. ఇరవై రెండు భాగాలు వచ్చాయి. రాష్ట్రంలో ఏ బడికి వెళ్ళినా అట్టలు ఊడిపోయి, చేతి చెమటకు నల్లబడి కనిపించే పుస్తకాలవే. ఇరవై మూడోది, ఇక ఇదే ఆఖరిదని రచయిత ప్రకటించినది, సరిగ్గా మా శాఖ తలుపు తెరిచిన వారానికి అనుమతి కోసం వచ్చి నా బల్ల మీద పడింది. అది మా మొదటి ఫైలు.

నేను ఇరవై మూడు భాగాలూ దగ్గర పెట్టుకుని నలభై రోజులు లెక్క కట్టాను. రాయిగా పన్నెండేళ్ళు, పాతాళంలో ఏడేళ్ళు, పువ్వు కోసం సముద్రాల మీద పద్నాలుగేళ్ళు, మాయనిద్రలో పదహారేళ్ళు, చిల్లరమల్లర ప్రయాణాలు మూడేళ్ళు. మొదటి తొమ్మిదికి ఇవన్నీ కలిపితే చెంగల్వ వయసు అరవై ఒకటి. ఆమె తల్లి హేమవల్లి ఇరవయ్యో భాగంలో కూడా ‘ముప్పై నిండని సుందరి’. కూతురికంటే తల్లి ముప్పై ఒక్క ఏళ్ళకు పైగా చిన్నది.

కమిటీ సమావేశమైంది. మా సంచాలకులు దక్షిణామూర్తిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“కాలము ప్రభుత్వ ఆస్తి వంటిది మునెమ్మగారూ. దానిని యథేచ్ఛగా వినియోగించుటకు రచయితకు అధికారము లేదు.”

న్యాయ సలహాదారు హయగ్రీవంగారు వెంటనే ఒక సందేహం లేవనెత్తారు. “శిలారూపమున గడిపిన పన్నెండు సంవత్సరములు సర్వీసుగా పరిగణింపబడునా?”

దీని మీద రెండు గంటలు చర్చ జరిగింది. రాయిగా ఉన్నవాళ్ళు పని చేయరు కనుక సర్వీసు కాదని ఒకరు, ఆ లెక్కన మన శాఖలోనే సగంమందికి సర్వీసు ఉండదని ఇంకొకరు అన్నారు. చివరికి దాన్ని అసాధారణ సెలవుగా భావించి, వయసులో మాత్రం కలపాలని తేల్చారు. తర్వాత రాక్షసుడి వంతు వచ్చింది. గండోదరుడికి మూడో భాగంలో ఎనిమిది వందల ఏళ్ళు, పదిహేడో భాగంలో ఆరు వందలు. పైగా మధ్యలో ఐదో భాగంలో చచ్చిపోయాడు. కాబట్టి పింఛనుదారుల మాదిరి ఏటా నవంబరులో తాను బతికే ఉన్నట్టు పత్రం దాఖలు చేయాలన్నారు. చచ్చినవాడు పత్రం ఎలా ఇస్తాడని నేను అడిగాను. అది పింఛన్ల శాఖకు కొత్తేమీ కాదని హయగ్రీవంగారు భరోసా ఇచ్చారు.

ఉత్తర్వు తయారైంది. ఆఖరి భాగంలో చెంగల్వను అరవై ఒక్క ఏళ్ళ స్త్రీగా దిద్దాలి. కొండలెక్కే ముందు ఆమె ప్రభుత్వ వైద్యుని దగ్గర దేహదారుఢ్య పత్రం తీసుకోవాలి. తల్లి కూతురికంటే కనీసం పద్దెనిమిదేళ్ళు పెద్దదై ఉండాలి కనుక హేమవల్లి వయసు డెబ్బై తొమ్మిదికి తగ్గరాదు. అరవై రెండుకు పదవీ విరమణ కనుక చెంగల్వకు ఇంక ఒక్క ఏడాదే సాహసాలకు అనుమతి. ఇవన్నీ దిద్దితే పుస్తకం బడులకు వెళ్తుంది, లేకపోతే లేదు. ఆ ఉత్తర్వు స్వయంగా అందించి రమ్మని నన్ను పంపారు.

ఓబులేసుగారిది జమ్మలమడుగు అవతల రాళ్ళకొత్తూరు. నేను వెళ్ళేసరికి ఆయన వసారాలో కూర్చుని చెబుతున్నారు, ఆయన భార్య తిరుపాలమ్మ నోటుబుక్కులో రాస్తోంది. ఆయనకు చూపు ఆనడం లేదు. ఆఖరి భాగం మొత్తం ఆమె చేతిరాతే. ప్రతిలో ‘రాక్షసుడు’ అని ఉండాల్సిన చోటల్లా ‘వాడు’ అని ఎందుకుందో నాకప్పుడు అర్థమైంది. తిరుపాలమ్మ అంత పెద్ద మాట రాసే ఓపిక లేక కుదించేది.

“రా మేడం, కూచో. బొరుగులు తింటావా?” అందామె.

అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని సామెత. ఈ అయ్యవారు దిద్దుకునే రకంలా కనిపించలేదు. ఉత్తర్వు మొత్తం చదివి వినిపించాను. ఆయన నవ్వుతూ విన్నారు.

“అమ్మా, వయసు అనేది వేసేది. వచ్చేది కాదు,” అన్నారు.

“అంటే?”

“నేను ముప్పై ఆరేండ్లు ఐవారుగా చేసినా. జూన్‌లో బిడ్డల్ని పిలుచుకోని వస్తారు. ఎప్పుడు పుట్టినాడప్పా అంటే, పెద్ద వాన పడిన ఏడు సామీ అంటాడు. ఇంగొకడు మా ఎర్రావు ఈనినంక నాలుగు దినాలకు అంటాడు. నేనేం చేయాల? బిడ్డ కుడిచెయ్యి తలకాయ మీంద నుంచి యేసి ఎడమ చెవి అందుకోమంటా. అందితే అయిదు. అందకపోతే వచ్చే ఏడు రాపో అంటా. జూలై ఒకటి అని రాసేస్తా.”

“ఈయప్ప ఊరందరికీ పుట్టినరోజులు పంచిపెట్టినాడు,” అంది తిరుపాలమ్మ. “నాది కూడా ఈయనే యేసినాడు. కార్డులో నాకంటే మా కోడలు ఆరేండ్లు పెద్ద. ఆమె నన్ను అత్తా అని పిలిస్తే నాకే సిగ్గయితాది.”

“మరి చెంగల్వకు కూడా ఇలాగే వేశారా?” అని అడిగాను.

“అంతే గదా. కథకు ఎంత కావల్నో అంత.” ఆయన నవ్వు ఆపేశారు. “మేడం, గండోదరుణ్ణి ఏమన్నా చేసుకోండి. హేమవల్లికి పండ్లు ఊడగొట్టండి, నేను అడగను. చెంగల్వను మాత్రం అరవై ఒకటి చేయొద్దండి. ఈ పుస్తకం ఆఖర్న, రెండువందల పదకొండో పేజీలో, ఆ బిడ్డకు పది వస్తాది. పదే. పది వచ్చి, కనుమ దాటి అవతలి గురుకులానికి చదువుకోను పోతాది. అది అచ్చులో చూడాల నేను. నాకు ఎనభై మూడు. ఇది నేను వేసింది కాదు, అసలుది.”

ఇరవై రెండు పుస్తకాలు తొమ్మిది దగ్గర నిలిపి, ఇప్పుడు పదికి ఇంత తొందరేమిటని అడిగాను. ఆయన బొరుగులు తినమన్నారు.

తూనికల శాఖలో చేసినదాన్ని కనుక, విన్నది విన్నట్టు రాశాను. పాత్రల వయసులు నిర్ణయించినది ఒక ప్రధానోపాధ్యాయుడు, నిర్ణయించిన పద్ధతి చేతితో చెవి అందుకోవడం, ఆధారపత్రాలు ఏవీ లేవు. రిపోర్టు చదివి దక్షిణామూర్తిగారి ముఖం వెలిగిపోయింది. పిల్లి ఎలుకను కాదు, కలుగునే పట్టినట్టు.

“రోగమూలము దొరికినది,” అన్నారు రెండో సమావేశంలో. “తీర్మానము వ్రాసుకొనుడు. ప్రధానోపాధ్యాయులు అంచనాపై వేసిన వయసులు, ఎచ్చట వేసిననూ, ఎప్పుడు వేసిననూ, ఎవరికి వేసిననూ, చెల్లనేరవు.”

అందరూ బల్లలు చరిచారు. మా శాఖ నిబంధన ప్రకారం ఏ పత్రంలో ఎవరి పేరు వచ్చినా పక్కన పుట్టిన తేదీ ఉండాలి. తీర్మానం కింద సంతకాలు చేసే ఏడుగురి తేదీలు అడిగాను.

“జూలై ఒకటి,” అన్నారు సంచాలకులు.

“జూలై ఒకటి,” అన్నారు హయగ్రీవంగారు.

మూడో ఆయనదీ జూలై ఒకటే. నాలుగు, ఐదు, ఆరు కూడా. ఏడో ఆయనది జూన్ ఒకటి. ఆయన దానికి కాస్త గర్వపడుతున్నట్టు కనిపించారు. నేను ఏడు తేదీలూ ఒకదాని కింద ఒకటి రాసి, కాగితం బల్ల మధ్యకు తోశాను. అందరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

“మా తమ్ముడు నాకంటె నాలుగు నెలలు పెద్ద,” అన్నారు దక్షిణామూర్తిగారు. ఆయన గొంతులో గ్రాంథికం తగ్గింది. “రికార్డు ప్రకారం. ఇద్దర్నీ ఒకేరోజు బడిలో వేశారు. నేను పొట్టి.”

హయగ్రీవంగారు కాగితం వెనక గబగబా కూడికలు వేశారు. తీర్మానం నెగ్గితే, అసలు వయసు ప్రకారం ఆయన మూడేళ్ళ కిందటే రిటైరైనట్టు. సంచాలకులు రెండేళ్ళ కిందట. రిటైరైనవాళ్ళు పెట్టిన సంతకాలు చెల్లవు. సంతకాలు చెల్లకపోతే మా శాఖే లేదు. శాఖ లేకపోతే ఈ సమావేశం ఎవరిదో తెలియదు. జూన్ ఒకటి ఆయన మంచినీళ్ళు అడిగారు.

పావుగంటలో రెండో తీర్మానం తయారైంది. అది నేను ఇప్పటికీ ఒప్పజెప్పగలను: “ప్రధానోపాధ్యాయుడు వేసిన వయసే వయసు. ఒకమారు వేసిన పిమ్మట దానిని మార్చుటకు కన్నతల్లికి గాని, న్యాయస్థానమునకు గాని, కాలమునకు గాని అధికారము లేదు.” ఏడుగురూ లేచి నిలబడి సంతకాలు చేశారు.

అంటే చెంగల్వకు తొమ్మిదే. అరవై ఒకటి పోయింది. నాకెందుకో సంతోషమైంది. బయటికి వచ్చి ఓబులేసుగారికి ఫోన్ చేసి, మీ పుస్తకం గట్టెక్కిందని చెప్పాను. అంత తొందరపడి ఉండకూడదు.

మూడో రోజు ఫైలు వెనక్కి వచ్చింది. మీద ఎర్రసిరాతో ‘తిరస్కృతము’ అని ఉంది. పట్టుకుని సంచాలకుల గదిలోకి వెళ్ళాను.

“రెండువందల పదకొండవ పుట చూడుడు,” అన్నారాయన. గ్రాంథికం మళ్ళీ కుదురుకుంది. “చెంగల్వకు పదేళ్ళు వచ్చినవని ఉన్నది. ప్రధానోపాధ్యాయుడు తొమ్మిది వేసినాడు. వేసినది మార్చరాదు.”

“మార్చడం కాదండీ. పుట్టినరోజు వస్తే ఒక ఏడాది పెరుగుతుంది కదా?”

హయగ్రీవంగారు అక్కడే ఉన్నారు. జాలిగా చూశారు. “ఇరవై మూడు సంపుటములలోనూ ఆ బాలికకు పుట్టినతేదీ ఎచ్చటనైనా ఉన్నదా? లేదు. వయసు మాత్రమే ఉన్నది. తేదీయే లేనప్పుడు పుట్టినరోజు ఎట్లు వచ్చును? రానిచో పది ఎట్లు వచ్చును?”

“అంటే ఆ పిల్లకు ఎప్పటికీ తొమ్మిదేనా?”

“శాశ్వతముగా,” అన్నారిద్దరూ, ఎంతో ఉదారంగా, బహుమతి ఇస్తున్నట్టు.

ఈసారి ఫోన్ చేయడానికి నాకు నోరు రాలేదు. ఉత్తరం రాశాను. వారం తిరక్కముందే ఓబులేసుగారు తిరుపాలమ్మ చెయ్యి పట్టుకుని రెండు బస్సులు మారి వచ్చారు. నాలుగంతస్తులు మెట్లెక్కారు. సంచాలకులు మీటింగులో ఉన్నారని ప్యూను చెప్పాడు. మీటింగు నిద్రలో జరుగుతోందని నాకు తెలుసు. నా బల్ల ముందే కుర్చీలు వేయించాను.

“అమ్మా, నువ్వు ఆ పొద్దు అడిగితివే, పదికి తొందరేమని,” అన్నారాయన ఆయాసం తీరాక. “మా ఊర్లో ఆడబిడ్డకు పదేండ్లు వచ్చినాయంటే బడి మాన్పిచ్చేవాళ్ళు. అయిదో తరగతి పాసయినా సరే, కాకున్నా సరే. పది వచ్చిందంటే చేన్లోకో, చిన్నబిడ్డల్ని ఎత్తుకునేదానికో. నాయన వస్తాడు, ‘పాపకు ఎంత సామీ?’ అంటాడు. నేను రిజిస్టరు తెరిచి, ‘తొమ్మిదేరా, ఇంగా ఒక ఏడుంది’ అంటా. మల్లా ఏడు వస్తాడు. మల్లా తొమ్మిదే అంటా. వానికి సదువు రాదు గదా, నా మాట నమ్మేది. కొందరు బిడ్డలు నా రిజిస్టర్లో మూడేండ్లు తొమ్మిదిలోనే ఉండినారు. మొగపిల్లోళ్ళకు ఉద్యోగాలకని తగ్గిచ్చినా. ఆడబిడ్డలకు బడికని తగ్గిచ్చినా. రెండూ అబద్ధమే.”

“ఒకతి మాత్రం ఎంత తగ్గిచ్చినా నిలవలేదు,” అంది తిరుపాలమ్మ. “చెప్పు, ఆమెకు చెప్పు.”

“వద్దులే.”

“చెంగల్వ అనే బిడ్డ మేడం. నిజంగానే ఉండేది. బాగా సదివేది. వాళ్ళ నాయన ఒకనాడు చెట్టు కింద ఆ బిడ్డను నిలబెట్టి, నోరు తెరిపిచ్చి పండ్లు చూసి, ఇది పన్నెండేండ్ల బిడ్డ, ఐవారు నన్ను మోసం చేసినాడు అని ఈడ్చుకుపోయినాడు. ఆ పొద్దు ఇంటికొచ్చి ఈయన మొదటి కథ రాసినాడు.”

ఓబులేసుగారు చేతికర్ర పిడిని రుద్దారు. “ఇప్పుడు మా ఊర్లో హైస్కూలు వచ్చింది,” అన్నారు. “ఆడబిడ్డలు సైకిళ్ళ మీంద పోతాండారు. ఇంగ దాచిపెట్టేదానికి పనిలేదు. ఆ బిడ్డను పోనీయల్ల. నేను పట్టుకోనున్నా గదా ఇన్నేండ్లు, నేనే వదలాల.”

నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. సూపరింటెండెంటుకు రాకూడదు, వచ్చాయి. అప్పీలు రాయించి, ఆయనచేత సంతకం పెట్టించి, ముద్ర వేసి రశీదు ఇచ్చాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళి మదనపల్లెలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేశాను. నా సర్టిఫికెట్టులో వయసు రెండేళ్ళు తక్కువని నాకు ఎప్పుడూ తెలుసు. ఉద్యోగం ఎక్కువకాలం ఉంటుందని మా నాన్నే ముందుచూపుతో వేయించాడనుకునేదాన్ని.

“మీ నాయనా? ముందుచూపా?” అమ్మ నవ్వింది. “నిన్ను మాన్పిస్తానని మూడుసార్లు బడికి పోయినాడే. పోయినప్పుడల్లా ఆ టీచరమ్మ నీకు తొమ్మిదే అని చెప్పి పంపించింది. ఈ పాప పెరగదేంది అని మీ నాయన నీకు రాగిసంగటి ఎక్కువ పెట్టమన్నాడు.”

నా మోకాళ్ళ నొప్పులు ఇన్నాళ్ళూ అసలు తేదీ ప్రకారమే వస్తున్నాయన్నమాట. ఆ టీచరమ్మ పేరు అడిగాను. అమ్మకు గుర్తులేదు. నాకూ లేదు.

మా శాఖ నిబంధనల్లో పద్దెనిమిదోది ఒకటుంది. అప్పీలు అందిన ముప్పై రోజుల్లో సంచాలకులు ఏ నిర్ణయమూ తీసుకోకపోతే పుస్తకానికి అనుమతి ఇచ్చినట్టే. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే అప్పటిదాకా మాకు అప్పీళ్ళే రాలేదు. ఫైలును బీరువాలో దాచితే దాచానంటారు. అందుకని తీసుకెళ్ళి దక్షిణామూర్తిగారి బల్ల మీదే, ఆయన తప్పక చదవాల్సిన ఫైళ్ళ దొంతరలో పెట్టాను. అంతకంటే భద్రమైన చోటు మా భవనంలో ఇంకోటి లేదు. నా సర్వీసులో ఒక ఫైలును కావాలని ఆలస్యం చేయడం అదే మొదటిసారి. మామూలుగా అవే ఆలస్యమవుతాయి. రోజూ పొద్దున వెళ్ళి దాని మీద దుమ్ము చేరిందో లేదో చూసుకునేదాన్ని. ఇరవయ్యో రోజున ఆయన దొంతర మీద చెయ్యి వేశారు. నేను తలుపు దగ్గరే ఆగాను. ఆయన దాన్ని కాస్త పక్కకు జరిపి టిఫిన్ డబ్బా పెట్టుకున్నారు.

ముప్పై ఒకటో రోజున అనుమతిపత్రం టైపు చేయించి పంపాను. పుస్తకం అచ్చయింది, బడులకు వెళ్ళింది. రాళ్ళకొత్తూరుకు మొదటి ప్రతి నేనే తీసుకెళ్ళాను. తిరుపాలమ్మ రెండువందల పదకొండో పేజీ గట్టిగా చదివింది. ఓబులేసుగారు మళ్ళీ చదవమన్నారు. ఆమె మళ్ళీ చదివింది. “పోయిందా?” అన్నారు. “పోయిందిలేప్పా,” అంది ఆమె.

తిరిగి ఆఫీసుకు వచ్చేసరికి నా బల్ల మీద మెమో ఉంది. “నీలకోన ఇరవై మూడవ సంపుటమున చెంగల్వ అను బాలికకు పదేళ్ళు ఏ అధికారి ఉత్తర్వుపై, ఏ నిబంధన క్రింద వచ్చినవో మూడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను. లేనిచో తమపై చర్య తీసుకొనబడును.”

మూడు రోజులు అక్కర్లేదనిపించింది. అక్కడే నిలబడి, మెమో కిందే రాసి సంతకం పెట్టాను.

“తొమ్మిది నిండినందున పది వచ్చినవి. పిల్ల ఆరో తరగతికి పోయినది.”